నేను తెంపని దారం

నా వేళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ మహా పొగరు. దాచుకోవడం దేనికి, ముందే చెప్పేస్తున్నాను. సిరిసిల్లలో మా వాడలో ఎవరింట్లో నూలు చిక్కుపడ్డా నన్నే పిలిచేవాళ్లు. "ఆ పోరన్ని పిలువుండ్రి, వాని ఏళ్లల్ల ఏమున్నదో ఏమో" అనేవాళ్లు ఆడవాళ్లు. నేను గడప మీద కూర్చుని, చుట్టలా కట్టిన నూలు చిలపను మోకాళ్లకు తగిలించుకుని, చిక్కు ఎక్కడ మొదలైందో వెతికేవాణ్ని. ఒక్క కొస దొరికితే చాలు. గంట పట్టనీ, రెండు గంటలు పట్టనీ, ఒక్క పోగు తెగకుండా మొత్తం విప్పి వాళ్ల చేతిలో పెట్టేవాణ్ని. వాళ్లిచ్చే బెల్లం ముక్క కంటే వాళ్లు "అబ్బ!" అనడమే నాకు తీపిగా ఉండేది.

మా బాపు ఈ విషయంలో చండశాసనుడు. మగ్గం మీద పోగు దానంతట అది తెగితే ఏమీ అనేవాడు కాదు. వేలు తడి చేసి అతికేవాడు, మళ్లీ నాడె విసిరి నేతలో పడేవాడు. కానీ చిక్కు విప్పే ఓపిక లేక ఎవరైనా పుటుక్కున తెంపారో, ఇల్లు పీకి పందిరేసేవాడు. "నూలు తెంపెటోళ్లు నా ఇంట్ల బువ్వ తినద్దు" అని అరిచేవాడు. ఒకసారి మా అక్క విసుగెత్తి పళ్లతో కొరికి తెంపితే, ఆ పూట దానికి నిజంగానే కంచం పెట్టనివ్వలేదు. మా అవ్వ, అంటే అమ్మ, చాటుగా పెట్టిందనుకోండి, అది వేరే సంగతి. నాకు మాత్రం ఆ రోజు నుంచి చిక్కును తెంపడం అంటే దొంగతనం కంటే పెద్ద తప్పని బుర్రలో కూర్చుండిపోయింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తరవాత నేను అడవిలో చేసిన నిర్వాకం మగ్గమున్న ఇంట్లో పుట్టినవాడు తప్ప ఇంకెవడూ చెయ్యడు.

హైదరాబాదులో జంతుశాస్త్రం చదువుతున్నాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి ఏడెనిమిదేళ్లు అయి ఉంటుంది. మా సారు గుంటూరు వైపు మనిషి. ఒకరోజు బొద్దింకను కోసి దాని నరం తీయమన్నారు. క్లాసంతా ఆ నరాన్ని ముక్కలు ముక్కలు చేసి పెడితే, నేను కొస నుంచి కొస దాకా తెగకుండా తీసి నల్ల కాగితం మీద పరిచాను. సారు కళ్లజోడు సవరించుకుని వంగి చూశారు.

"మీ ఇంట్లో ఏం చేస్తారయ్యా?"

"మగ్గం నేస్తం సార్."

వెనక బెంచీలో ఎవడో కిసుక్కున నవ్వాడు. నా యాసకు నవ్వాడో, మగ్గానికి నవ్వాడో తెలియదు. సారు మాత్రం నవ్వలేదు. "క్రిస్మస్ సెలవుల్లో నాతో అడవికి వస్తావా? వలతో పిట్టల్ని పట్టి, కాలికి చిన్న కడియం వేసి వదిలిపెట్టాలి. కడియం మీద అంకె, చిరునామా ఉంటాయి. ఆ పిట్ట ఇంకో దేశంలో ఇంకెవరికైనా దొరికితే వాళ్లు మనకు ఉత్తరం రాస్తారు. అది ఎక్కణ్నించి ఎక్కడికి పోతోందో అలా తెలుస్తుందన్నమాట. వలలోంచి పిట్టను తీయడమే కష్టం. నీకు కష్టం కాదులే, అదీ చిక్కు విప్పడమే" అన్నారు. నాకు ఆ రాత్రి హాస్టల్లో అన్నం సహించలేదు, అంత సంతోషం.

పోతూ పోతూ ఇంటికి వెళ్లి చెప్పాను. బాపు మగ్గం ఆపకుండానే అన్నాడు: "పిట్టలు పట్టనీకెనారా గింత సదువు సదివింది?"

అవ్వకు వేరే అనుమానం. "పట్టి తింటరా?"

"లేదవ్వా. పట్టి ఇడిసిపెడ్తం."

"ఇడిసిపెట్టేదానికి పట్టుడెందుకురా?" అంది అవ్వ. నేను కడియాల సంగతి అరగంట చెప్పాను. ఆవిడ అంతా విని, "పాపం, గా కాలికి బరువైతదేమో, జర సూస్కొని ఎయ్యుండ్రి" అంది. పిట్టల్ని కాసేపు ఉంచడానికి గుడ్డ సంచులు కావాలని సారు చెప్పారు. బాపు నేసిన గుడ్డతోనే అవ్వ పన్నెండు సంచులు కుట్టి, మూతికి నాడాలు ఎక్కించి ఇచ్చింది.

పెద్దపల్లిలో సారు వస్తున్న రైలెక్కి, ఆయనతో మంచిర్యాలలో దిగి, అక్కణ్నించి బస్సులో లక్సెట్టిపేట మీదుగా జన్నారం వైపు పోయాం. చలి. టేకు చెట్ల మధ్య అటవీ శాఖ వాళ్ల బంగ్లా ఒకటి, దాని వెనక వాగు. అక్కడ మాకోసం ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. తాతల కాలం నుంచి పిట్టలు పట్టి, అమ్మి, తిని బతికిన కుటుంబం ఆయనది. వల ఎక్కడ కడితే ఏ పిట్ట పడుతుందో ఆయనకే తెలుస్తుందని సారు ఆయన్ను పనికి పిలిచారు. యాభై దాటి ఉంటాయి. మాట సగం మరాఠీ, సగం తెలుగు. ఆ పక్క అలవాటు ప్రకారం నేను ఆయన్ను కాకా అన్నాను.

సారు జపాను నుంచి తెప్పించుకున్న వలను పెట్టెలోంచి తీసి చూపించారు. నల్లటి పోగు, వెంట్రుక కంటే సన్నం. కాకా దాన్ని చేతిలోకి తీసుకుని, ఎండకు పట్టి చూసి, పెదవి విరిచాడు. "అరె బాబా, గిది వలనా సాబ్? కండ్లకే కనవడ్తలేదు. గిండ్ల వడ్డ పిట్టను తీసుడు మస్తు కష్టం." నేను మాత్రం ఆ పోగును వేళ్ల మధ్య రాసి చూసుకుని మురిసిపోయాను. అంత సన్నటి నూలు మా బాపు జన్మలో చూసి ఉండడు.

మర్నాడే మొదటి రోజు. తెల్లవారక ముందే లేచి, వాగు ఒడ్డున పొదల మధ్య మూడు వలలు కట్టాం. వెదురు గడలకు వలను తగిలిస్తే, అక్కడక్కడా జోలెలా వదులుగా వేలాడుతుంది. ఎగిరొచ్చిన పిట్ట వలకు కొట్టుకుని ఆ జోలెలోకి జారుతుంది. అరగంటకోసారి వెళ్లి చూసుకోవాలి. సారు నాకు పాఠం చెప్పారు. పిట్ట ఏ వైపు నుంచి వచ్చిందో ముందు చూడాలి. వచ్చిన వైపు నుంచే తీయాలి. ముందు కాళ్లు, తరవాత రెక్కలు, చివర తల. గుండె మీద వేలు నొక్కకూడదు, దానికి ఊపిరి ఆడదు.

చివర్లో తాడుకు కట్టిన ఒక చిన్న కత్తెర నా మెడలో వేశారు. "పది నిమిషాల్లో రాకపోతే కత్తిరించెయ్. వల పోతే పోయింది" అన్నారు.

"అవసరం రాదు సార్" అన్నాను.

"వస్తుందయ్యా. అందరికీ వస్తుంది."

నాకు ఒళ్లు మండింది, నిజం చెప్పాలంటే. వీళ్లకు తెలియదు గానీ, నాకా కత్తెర? సిరిసిల్లలో ఎవరింటికైనా వెళ్లి అడగండి నేనెవరో! ఆ కత్తెరను చొక్కా లోపలికి తోసేసుకున్నాను. అది చల్లగా పొట్టకు తగులుతుంటే ఇంకా చిరాకేసింది.

మొదట ఒక పిగిలిపిట్ట పడింది. సారు తీసి చూపించారు. అది ఆయన వేలిని కొరికి కొరికి పెట్టింది. రెండోది నాకు వదిలారు. నల్లంచి పిట్ట, కాలు ఒకటే చుట్టుకుంది. నేను రెండు నిమిషాల్లో తీసేశాను. చేతిలో దాని గుండె టకటకా కొట్టుకుంటుంటే నా ఒంట్లో వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. అరచేతిలో అంత వేడిగా ఉంటుందని ఏ పుస్తకంలోనూ లేదు. బల్ల దగ్గరకు తీసుకెళ్లాను. సారు కాలికి కడియం వేసి నొక్కారు. రెక్క కొలిచారు, సంచితో సహా తూచి, సంచి బరువు తీసేసి రాసుకున్నారు. ఆ తరవాత నన్నే వదలమన్నారు. అరచేయి విప్పాను. అది ఒక క్షణం అలాగే పడుకుని ఉంది, తనను పట్టుకున్నది ఎవరూ లేరని దానికి తెలియనట్టు. మరుక్షణం లేదు. ఎటు పోయిందో కూడా చూడలేకపోయాను.

"భేష్" అన్నారు సారు. కాకా కూడా తలూపాడు. ఇంకేముంది, నేను నేల మీద నడవడం మానేశాను.

అలా ఇంకో మూడింటిని తీశాను. ఒక్క పోగు తెగలేదు. సారు ఇక వలల దగ్గరకు రావడం మానేసి బల్ల దగ్గరే కూర్చుని రాసుకోసాగారు. బల్ల ఉన్న చోటికి మూడో వల దూరం, మధ్యలో వాగు మలుపు తిరుగుతుంది. కాకా మొదటి వల వైపు వెళ్లాడు. నేను ఒక్కణ్నే ఈల వేసుకుంటూ మూడో వల దగ్గరకు వెళ్లాను.

అడుగు జోలెలో ఏదో ఉంది. ముందు ఆకు అనుకున్నాను. నా బొటనవేలంత పిట్ట. ఆకుపచ్చా కాదు, మట్టిరంగూ కాదు, మధ్యలో ఏదో. కంటి మీద ఒక సన్నటి తెల్లగీత. అది తప్పించుకోవడానికి జోలెలోనే గిరగిరా తిరిగినట్టుంది. వల దాని చుట్టూ తాడులా పురి పడిపోయింది. ఒక రెక్క వలకున్న ఒక కన్నంలోంచి, తల రెండు కన్నాల్లోంచి దూరాయి. నోరు తెరుచుకుని ఉంది. ఒక పోగు దాని నాలుక వెనక్కి దిగి బిగుసుకుంది.

అంతవరకూ నాకు భయం లేదు. చిక్కు గట్టిదే, కానీ ఇంతకంటే గట్టివి చూశాను. వచ్చిన వైపు వెతికాను, కాళ్లు దొరికాయి. అప్పుడు చూశాను, దాని కుడి కాలికి కడియం ఉంది.

మనం వేసింది కాదే, అనుకున్నాను. మేం వేసింది పొద్దున్నుంచి ఐదింటికి. ఐదూ నా కళ్ల ముందే ఎగిరిపోయాయి, వాటిలో ఇంత చిన్నది లేనే లేదు. ఒంగి చూశాను. కడియం పాతది, రంగు మాసింది. ఇంగ్లీషు కాని అక్షరాలేవో ఉన్నాయి.  సారు ఎన్నో ఏళ్లుగా కడియాలు వేస్తున్నారు. ఇంకొకరు వేసిన కడియం ఒక్కటి కూడా తన వలలో పడలేదని, ఒక్కటి పడితే చాలని ముందురోజు బస్సులోనే అన్నారు. ఆ ఒక్కటీ ఇదే. నా చేతిలో ఉంది, బతికి ఉంది, కళ్లు తిప్పుతోంది.

అరిచి సారును పిలవచ్చు. పిలవలేదు. ఎందుకు పిలవలేదంటే, దీన్ని నేనే తీసి, సంచిలో పెట్టి, ఏమీ తెలియనట్టు బల్ల మీద పెట్టి, "చూడండి సార్" అనాలనుకున్నాను. సారు మొహం ఎలా మారుతుందో అప్పుడే చూసేశాను కూడా. అదీ నా బుద్ధి.

మొదలుపెట్టాను. కాళ్లు వచ్చాయి. తోక వచ్చింది. ఎడమ రెక్క వచ్చింది. ఎంత బాగా వచ్చిందంటే, చూసేవాళ్లు లేరే అని బాధేసింది. కుడి రెక్క దగ్గర ఆగింది. ఒక చుట్టు విప్పితే లోపల ఇంకో చుట్టు. అది విప్పితే మొదటిది మళ్లీ బిగుసుకుంది. సరే, వెనక్కి వెళ్లాను. కొస వెతికాను. వలకు కొస ఎక్కడుంటుంది? చిలపకు ఉంటుంది గానీ! ఆ మాట అప్పుడు తట్టలేదు. కొస కోసం వెతుకుతూనే ఉన్నాను.

నాలుక దగ్గరి పోగును గోటితో జరిపితే అది చిన్నగా మూలిగింది. చేతులకు చెమట పట్టింది. చలిలో చెమట! పది నిమిషాలు దాటి ఉంటుందని తెలుసు. కత్తెర పొట్టకు తగులుతూనే ఉంది. తెలుసు. అంతా తెలుసు. చెయ్యి మాత్రం అటు పోదు. ఇంకొక్క చుట్టే, ఇదొక్కటి విప్పితే మొత్తం వచ్చేస్తుంది, ఇంత దాకా వచ్చి ఇప్పుడు తెంపడమా! ఇప్పుడు ఇది రాస్తుంటే నా చెంప నేనే వాయించుకోవాలని ఉంది.

కాకా ఎప్పుడొచ్చాడో తెలియదు. నా భుజం మీంచి చూశాడు.

"ఎంతసేపైంది బిడ్డా?"

"ఇప్పుడే కాకా."

ఆయన పిట్టను చూశాడు. నన్ను కాదు. "మెడ ఏలాడేస్తున్నది. తెంపు."

"వస్తది కాకా, జర ఆగు. ఒక్క చుట్టే ఉన్నది."

"తెంపు బిడ్డా. దారం పోతే దారమొస్తది."

"ఒక్క చుట్టు..."

"ఏం చుట్టయ్యా నీ చుట్టు! కత్తెర ఏది?" ఆయన నా చొక్కాలోంచి కత్తెర లాగబోయాడు. నేను ఆయన చేతిని నెట్టేశాను. అవును, నెట్టేశాను. నాకు తండ్రి వయసున్న మనిషిని, పుట్టినప్పటి నుంచి పిట్టలతో బతికిన మనిషిని.  ఆయన వంగి, వలను నోట్లో పెట్టుకుని, పళ్లతో పటపటా కొరికేశాడు. నాలుగు కొరుకుల్లో పిట్ట నా అరచేతిలో పడింది.

నాలుకకు చిన్న నల్ల పోగు ఇంకా అంటుకునే ఉంది. కాకా దాన్ని గోళ్ల కొసతో తీసేశాడు. వాగులో వేలు ముంచి, ఒక్క బొట్టు నోటి పక్కన పెట్టాడు. ఆ బొట్టు లోపలికి పోలేదు, పక్కకు జారింది. "రెండు చేతులు మూసి పట్టు. ఎచ్చగ ఉండాలె. నొక్కకు" అన్నాడు. పట్టుకున్నాను. లోపల ఏదో చిన్నగా కదిలింది. బతికింది, బతికింది అనుకున్నాను. కొండగట్టు అంజన్నకు మొక్కుకున్నాను, ఏం మొక్కానో కూడా గుర్తులేదు. వేళ్ల సందులోంచి చూశాను. కన్ను తెరిచే ఉంది. మళ్లీ చూశాను. తెరిచే ఉంది, కానీ చూడటం లేదు.

"కాకా, జర చూడవా" అన్నాను.

ఆయన నా వేళ్లు ఒక్కొక్కటే విప్పాడు. రెక్క కింద ఊదాడు. పిట్టను మళ్లీ నా చేతుల్లోనే పెట్టేశాడు.

ఏం చెయ్యాలో పాలుపోలేదు. కూర్చుండిపోయాను. పట్టుకుని కూర్చుంటే వేడిగానే ఉంది కదా, ఇంకా వేడిగానే ఉంది కదా అని కాకాకు మూడుసార్లు చెప్పానట. తరవాత ఆయనే చెప్పాడు. ఆ వేడి నా చేతులదే.

సారు దగ్గరకు ఎలా నడిచానో తెలియదు. బల్ల మీద పెట్టాను. "చూడండి సార్" అనే మాట నోట్లోంచి రాలేదు. సారు ముందు మామూలుగానే చూశారు. ఇలాంటివి అప్పుడప్పుడూ జరుగుతాయని చెప్పడానికి నోరు తెరిచారు కూడా. అప్పుడు కాలు చూశారు. కళ్లజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. భూతద్దం తీసి కడియం మీది అక్షరాలు ఒక్కొక్కటే చదివారు. 

"రష్యా వాళ్లదయ్యా" అన్నారు, చాలా మెల్లగా. "అక్కణ్నించి వచ్చింది. ఈ బరువుతో. హిమాలయాలు దాటి."

నేను నేల చూస్తున్నాను.

"వల దగ్గర చూసేటప్పటికి బతికే ఉందా?"

"ఉంది సార్."

"ఎంతసేపు ప్రయత్నించావు?"

"తెల్వదు సార్. శాన సేపు."

"కత్తెర?"

"ఉన్నది సార్." చొక్కాలోంచి తీసి చూపించాను. ఎందుకు చూపించానో! అది ఉన్నదని ఆయనకు తెలియదా?

తిడతారని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. కొట్టినా బాగుండేది. మా బాపు అయితే ఈపాటికి అడవి దద్దరిల్లేలా అరిచేవాడు, నాకూ కొంచెం తేలికయ్యేది. సారు స్కేలు తీసుకుని దాని రెక్క కొలిచారు. తోక కొలిచారు. తూచారు. పొట్ట మీద ఈకలు ఊది, చర్మం కింద పచ్చటి కొవ్వు చూసి, "బాగా తిన్నది. ఎండలు ముదిరేలోపు తిరిగి వెళ్లిపోయేది" అన్నారు. కొలతలన్నీ రాసుకున్నారు. తరవాత లేచి, కొంచెం దూరం పోయి, అటు తిరిగి చాలాసేపు నిలబడ్డారు.

ఇంతటితో ఆ రోజు అయిపోతే బాగుండు. అవలేదు. వలలు కట్టి ఉన్నాయి, పిట్టలు పడుతూనే ఉంటాయి. సారు తిరిగి వచ్చి, "వెళ్లి చూడు" అన్నారు. వెళ్లాను. రెండో వలలో ఒక పిగిలిపిట్ట, ఒక్క గోరు తగులుకుని వేలాడుతోంది. వేలితో ముట్టుకుంటే చాలు, వచ్చేస్తుంది. నేను కత్తెర తీసి కసకసా కత్తిరించేశాను. పిట్ట చేతిలోంచి జారి ఎగిరిపోయింది, కడియం లేదు, కొలత లేదు. వలకు మాత్రం పిల్లి దూరేంత కన్నం. దాని తరవాతి పిట్టకూ అంతే చేశాను. మూడోసారి సారు నా మెడలోంచి కత్తెర తీసేసుకున్నారు. "ఇవాళ్టికి చాలు. వెళ్లి కూర్చో" అన్నారు. విప్పడానికీ పనికిరాక, తెంపడానికీ పనికిరాక బంగ్లా వరండాలో కూర్చున్నాను.

మధ్యాహ్నం తిరిగాక సారు ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టారు. కడియం దొరికితే దాన్ని వేసినవాళ్లకు తెలియజేయాలి, అది ఈ పనిలో కట్టుబాటు. తేదీ, చోటు, కడియం అంకె, పిట్ట జాతి. సారు ఇంగ్లీషులో అన్నీ తనే నింపేశారు. చివరి వరస ఒక్కటి ఖాళీగా వదిలారు. పిట్ట ఎలా దొరికింది, ఏమైంది.

"ఇది నువ్వు రాయి. సంతకం కూడా నువ్వే చెయ్యి. దాన్ని తీసింది నువ్వు కదా" అన్నారు. కోపంతో అనలేదు. ఎవరు తీస్తే వాళ్లే రాయాలి, అంతే. కాగితం ఇచ్చేసి వలల వైపు వెళ్లిపోయారు.

పెన్ను పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. ఆ కాగితం అవతల ఎవరో ఉన్నారు. ఏ అడవిలోనో, నాలాగే ఎవరో ఒకరు దీన్ని వలలోంచి తీశారు. చేతిలో పట్టుకున్నారు, కడియం వేశారు, బతికించి వదిలారు. వాళ్లకు ఆ పని వచ్చింది, నాకు రాలేదు. చివరికి రాశాను: "వలలో చనిపోయి కనిపించింది." ఇంగ్లీషులో నాలుగు మాటలు. రాసేసరికి ఊపిరి తేలికైంది. అబద్ధం కూడా పెద్దది కాదు. పిట్ట వలలోనే ఉంది, చనిపోయింది కూడా. మధ్యలో నేనొక్కణ్ని లేను, అంతే తేడా.

కాకా వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. పొద్దున్న చెయ్యి నెట్టేసినందుకు ఆయన మొహం చూడలేకపోయాను. ఆయన మాత్రం ఏమీ జరగనట్టే కాగితం వైపు చూశాడు.

"ఏందది రాస్తున్నవ్?"

"గా కాలుకు కడియం ఏసినోళ్లకు కాకా. చిట్టీ పోతది."

"వాళ్ల ఊరు శాన దూరమా?"

"శాన దూరం. మంచు వడ్తది ఆడ. రైల్ల పోయినా గూడ నెలల మీద పడ్తదేమో."

ఆయన ఆకాశం వైపు చూశాడు. లెక్క వేసుకుంటున్నాడేమో, అంత చిన్నది అంత దూరం ఎన్ని రోజులు వచ్చి ఉంటుందని. పట్టి అమ్ముకునే మనిషి. ఆ జాతివి వందలు పట్టి ఉంటాడు.

"మరి గీడిదాంక మంచిగనే వచ్చిందని రాయి బిడ్డా" అన్నాడు. "ఎక్కడ దెబ్బ తాకలే, ఏం గాలే, కడుపు నిండ తిన్నది, గీ వాగు కాడికి మంచిగనే వచ్చిందని రాయి. ఏసి ఇడిసిపెట్టినోళ్లు గదా, వాళ్లకు ఫికర్ ఉంటది."

నాకు ఒక్కసారిగా ఏడుపొచ్చేసింది. పొద్దున్నుంచి రాని ఏడుపు అంతా అప్పుడు వచ్చింది. ఆయన ఓదార్పుగా అన్నాడు పాపం, నన్ను నిలదీయాలని కాదు. కానీ అది ఇక్కడి దాకా మంచిగా వచ్చిందని రాస్తే, వలలో చనిపోయి కనిపించిందని రాయడం కుదరదు. మంచిగా వచ్చిన పిట్టకు ఆ తరవాత ఏమైంది? ఆ మాటా రాయాల్సిందే. రాసేది నేనే. ఆ నాలుగు మాటలూ అడ్డంగా కొట్టేశాను. కింద, నాకొచ్చిన ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాశాను. ఇక్కడి దాకా ఏ దెబ్బా లేకుండా, మంచి కొవ్వుతో వచ్చింది. బతికే దొరికింది, వల కత్తిరించకుండా నేను చంపాను. దాని కింద సంతకం పెట్టాను.

"రాసినవా?" అన్నాడు కాకా.

"రాసిన."

"ఏమని రాసినవో సదువు, ఇంటా."

"గీడిదాంక మంచిగనే వచ్చిందని రాసిన కాకా" అన్నాను. ఆయన సంతోషంగా తలూపి బీడీ ముట్టించుకున్నాడు. రెండో వాక్యం ఆయనకు తెలియని సంగతేమీ కాదు, అయినా పైకి చదవడానికి నాకు నోరు రాలేదు.